ద్వంద్వ ప్రయోజన గొట్టం

పాలస్తీనా ప్రజల మీద ఎలాంటి ఆంక్షలూ లేవు. ఈ సంగతి నాకు రాతపూర్వకంగా తెలుసు. ఆంక్షలు ఉన్నది ప్రభుత్వం మీద మాత్రమేననీ, ప్రజలు ఎప్పటిలాగే జీవించవచ్చుననీ తెలియజేస్తూ సానుభూతి దేశాల సమాఖ్య వారు పంపిన ఉత్తరాన్ని గాజాలో, ఖాన్ యూనిస్‌లోని మా ఆసుపత్రి గోడకు అద్దం కట్టించి తగిలించాం. ఇప్పుడా అద్దం లేదు. ఆపరేషన్ గది కిటికీకి కావలసి వచ్చింది.

నా పేరు వాసిఫ్. ఆ ఆసుపత్రిలో గుమస్తాను. ఎన్నికల్లో మావాళ్ళు వెయ్యకూడని వారికి ఓటు వేశారని ప్రపంచం కనిపెట్టిన నాటి నుంచి నా ఉద్యోగం చాలా సులువైపోయింది. కావలసిన వస్తువుల కోసం ఉత్తరాలు రాయడం, ఆ వస్తువులు ఎందుకు రావో వివరిస్తూ వచ్చిన జవాబులను దస్త్రంలో పెట్టడం, అంతే.

మా డయాలసిస్ విభాగంలో నీటిని శుద్ధి చేసే గొట్టాలు మూడుండేవి. మనిషి చెయ్యంత పొడవు, లోపల పల్చటి పొరల చుట్ట. వాటిలో రెండు చెడిపోయాయి. దాంతో అరవై రెండు మంది రోగులకు వారానికి మూడు పూటలు జరిగే రక్తశుద్ధిని రెండుకు కుదించాం. యంత్రాలు చూసుకునే నజ్మీ కొత్త గొట్టాల కోసం నా చేత ఉత్తరం రాయించాడు. సమాఖ్య వారు మూడు వారాల్లోనే జవాబిచ్చారు. ఆ గొట్టం ద్వంద్వ ప్రయోజన వస్తువని, అంటే మంచికీ చెడుకీ కూడా పనికివస్తుందని, అది నీటిని తప్ప మరి దేన్నీ వడకట్టదని హామీ ఇవ్వాలని కోరారు. ఇచ్చాం. ఆ నీటితో శుద్ధి అయ్యే రక్తం ఎవరెవరిదో, వారి బంధువుల్లో ప్రభుత్వోద్యోగులెవరైనా ఉన్నారో ఒక్కో రోగి పేరున విడిగా దరఖాస్తు పెట్టి తెలపమన్నారు. తెలిపాం. ఖద్రా పెద్దమ్మ మేనల్లుడు కూడలిలో నిలబడి బండ్లకు దారి చూపే పోలీసు అని తేలడంతో ఆమె దరఖాస్తు ప్రత్యేక పరిశీలనకు వెళ్ళింది.

ఖద్రా పెద్దమ్మ మా పేట మంత్రసాని. నలభై ఏళ్ళలో సగం ఊరిని ఆమె చేతులే భూమ్మీదికి తెచ్చాయి. నజ్మీ కూడా ఆ సగంలోనివాడే. రక్తశుద్ధికి వచ్చిన ప్రతిసారీ ఆమె గొట్టం గురించి అడిగేది, అతను వస్తుందనేవాడు.

"నువ్వు పుట్టేటప్పుడు రెండ్రోజులు మీ అమ్మని చంపుకు తిన్నావురా" అందొకసారి. "ఎంత మొండివాడివైనా చివరికి వచ్చావు కదా. ఈ గొట్టం నిన్ను మించిపోయింది."

రక్తశుద్ధి తగ్గినప్పుడు తాగే నీళ్ళూ తగ్గించాలి. రోజుకు రెండు టీ గ్లాసులు మించరాదన్నారు డాక్టరు. ఆమె సేజ్ అనే సువాసన ఆకు వేసిన టీ కలుపుకుని, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పక్క మంచం మనిషికి చూపించి, ఆ తర్వాత గుక్కెడు తాగేది. ఈ ఇబ్బందిని సమాఖ్య దృష్టికి తీసుకువెళ్ళగా వారెంతో చలించి, దాహ నిర్వహణపై రెండు రోజుల శిక్షణ ఏర్పాటు చేశారు. ప్రతి కుర్చీ మీదా ఒక చల్లటి నీళ్ళ సీసా పెట్టారు. ఎగుమతులు ఆగిపోయి టమాటాలు, స్ట్రాబెర్రీలు బజారులో గాడిదలకు వేసేంత చవకగా ఉన్నందుకు పోషకాహార నిపుణుడు మమ్మల్ని అభినందించాడు. కిడ్నీ రోగులు వాటిని తినకూడదని అతనికి చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాం.

మొదటి ఉత్తరం రాసిన ఎనిమిదో నెలలో సమాఖ్య ఉపాధ్యక్షురాలు స్వయంగా విచ్చేసింది. పడకల మధ్య నిలబడి ప్రసంగించింది. "మీ సహనం ముందు మా దేశాలు తలవంచుతున్నాయి. మీరు బాధితులు కారు, ప్రపంచానికి గురువులు. మీ నుంచి మేము నేర్చుకోవలసింది ఇంకా ఎంతో ఉంది" అంది. ఇంకా నేర్చుకోవాలంటే మా పరిస్థితి ఇలాగే కొనసాగాలని నాకు అర్థమైంది. తర్వాత ఆమె ఖద్రా పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, మీ కల ఏమిటని దుబాసీ ద్వారా అడిగింది.

"కలేం లేదమ్మా, గొట్టం" అంది పెద్దమ్మ. రెండు చేతులూ చాపి కొలత చూపించింది. "ఇంతుంటుంది."

ఫోటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే ఫోటో తీశాడు.

పదకొండో నెలలో సరిహద్దు గేటు నుంచి కబురొచ్చింది, ఆసుపత్రి పేరున గొట్టాలు వచ్చాయని. నజ్మీ బండి కట్టించుకుని పరుగెత్తాడు. ఇరవై గొట్టాలు. అదే పొడవు, రెండు వైపులా మూత. అవి లోపలికి తెస్తుంటే రోగులు పడకల మీద లేచి కూర్చున్నారు. చేతికి సూది ఉండి లేవలేని ఖద్రా పెద్దమ్మ, ఒకటి ఇటివ్వరా అని ఒళ్ళో పెట్టించుకుని, పసిబిడ్డను తడిమినట్టు తడిమింది. నజ్మీ మూత తీశాడు. లోపల చుట్టిన కాగితం. విప్పితే నిలువెత్తు బొమ్మ. చేతులు చాపి, పక్షిలా ఎగరబోతున్న ఖద్రా పెద్దమ్మ. కింద పెద్ద అక్షరాలతో: ఆశకు హద్దుల్లేవు.

ఆమె కళ్ళు చికిలించి బొమ్మను పైనుంచి కిందిదాకా చూసింది.

"నా మొహానికి ద్వంద్వ ప్రయోజనం లేదన్నమాట" అంది చివరికి.

విభాగమంతా నవ్వింది. నజ్మీ మాత్రం నవ్వలేదు. అతను బొమ్మలు పక్కన పడేసి ఖాళీ గొట్టాలను ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూశాడు, అందులో అట్ట తప్ప మరొకటి లేదని తెలిసి కూడా.

రెండు నెలల తర్వాత ఒక గురువారం మధ్యాహ్నం ఆమెను మేనల్లుడు వీపు మీద మోసుకొచ్చాడు. ఆమె తర్వాతి పూట శనివారం. అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. యంత్రాలన్నీ మనుషులతో ఉన్నాయి. పళ్ళ వ్యాపారి సుబ్హీ ముసలాయనకు పెట్టి అరగంటే అయింది. ఆయన సూది తీసేయమని చెప్పి, లేవబోయాడు.

"పడుకో సుబ్హీ" అంది ఆమె, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. "ఈ పూట నీది."

డాక్టరు మరో యంత్రం ఖాళీ చేయించేలోపు ఆమె పోయింది. నజ్మీ మెట్ల మీద కూర్చుండిపోయాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఉత్తరాలు రాసే చేతులతో ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను.

తర్వాతి నెలలో సమాఖ్య నుంచి అనుమతి వచ్చింది. ఖద్రా అనే లబ్ధిదారు నిమిత్తం ఒక గొట్టం మంజూరైందనీ, ఆమె స్వయంగా సంతకం చేసి తీసుకోవాలనీ ఉంది. ఆమె మరణించిందని రాశాం. లబ్ధిదారు సహకరించనందున దరఖాస్తు మూసివేశామని జవాబొచ్చింది.

సంవత్సరాంతపు నివేదిక కోసం వారు అడిగిన అంకెలు నేనే పంపాను. అరవై రెండు మందిలో నలభై ఒక్కరు మిగిలారు. ఉన్న యంత్రాల మీదే వారికిప్పుడు వారానికి మూడేసి పూటలు వస్తున్నాయి. కొత్త గొట్టమేదీ లేకుండానే డయాలసిస్ సేవలు రెండు పూటల నుంచి మూడు పూటలకు మెరుగుపడ్డాయనీ, ఆంక్షల వల్ల ప్రజలకు నష్టం కలగడం లేదనడానికి ఇదే నిదర్శనమనీ నివేదికలో అచ్చయింది. అంకెలు సరైనవేనని ధ్రువీకరిస్తూ సంతకం చెయ్యమన్నారు. నజ్మీ నా వైపు చూశాడు. నేను రెండుసార్లు కూడి చూసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు. సంతకం చేశాను.

ఆ వార్త మీ పత్రికలోనూ వచ్చే ఉంటుంది, లోపలి పేజీలో, నాలుగు వాక్యాల్లో. పోనీలే, అక్కడ పరిస్థితి కాస్త కుదుటపడిందని మీరు పేజీ తిప్పే ఉంటారు.