గీతకు రెండడుగుల ఇవతల

ప్రజల ఆరోగ్యం కోసం తానే స్వయంగా ఈదుతాననీ, సైకిలు తొక్కుతాననీ, పరుగెత్తుతాననీ మున్సిపల్ చైర్మన్‌గారు ప్రకటించగానే పట్టణం పులకించిపోయింది. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి చేస్తే ట్రయాథ్లాన్ అంటారట. ఒక్కోదాన్నీ ఒక్కో కమిటీకి అప్పగించకుండా ఒకే మనిషి ఎలా చేస్తాడని కౌన్సిలర్లు ఆశ్చర్యపోయారు.

"ఈ పోటీలో నేను చైర్మన్‌ని కాను. మీలాగే మామూలు అమెచ్యూర్ ఆటగాణ్ణి," అన్నారాయన వినయంగా. ఆ వినయం తాలూకు ఫోటో ప్రతి స్తంభానికీ కట్టారు.

ఈ వార్తను నిజంగా మనసుకు పట్టించుకున్న వాడు ఒక్కడే. అతను మున్సిపాలిటీలో నీటి మీటర్లు చూసే ఉద్యోగి. ఇంట్లో అతని పేరు సగంసారు. ఆ పేరు పెట్టింది మామగారు. టైపు నేర్చుకోవడం సగంలో ఆపాడు, వయొలిన్ సగంలో ఆపాడు, ఇంటి గేటుకు ఒక రెక్కకే రంగు వేశాడు. మామగారు కూతురింటికి వచ్చి స్థిరపడిన నాటి నుంచీ రోజూ ఆ గేటు తీసుకునే లోపలికి వస్తున్నారు కనుక, మర్చిపోయే అవకాశం లేదు.

ఈసారి మాత్రం సగంసారు పట్టు పట్టాడు. చీకటితోనే లేచి చెరువులో ఈత నేర్చుకున్నాడు. మీటర్లు చూడడానికి పరుగున వెళ్ళి, పరుగున వచ్చాడు. గెలవాలని అతనికి లేదు. పూర్తి చేయాలి, అంతే. అది కూడా మామగారు చూస్తుండగా.

పోటీకి ముందు ప్రోటోకాల్ ఆఫీసర్ అందరినీ పిలిచి నియమం చెప్పాడు. "సారు మామూలు మనిషిగా పాల్గొంటున్నారు. కాబట్టి ఎవరూ ఆయన్ని దాటకూడదు."

"మరి ఇది పోటీ కదండీ?" అన్నాడు పక్కనున్న పళ్ళ డాక్టరు.

"పోటీయే. రెండో స్థానానికి."

ఆ ఉదయం, పోటీ మొదలు కాకముందే, స్తంభాల మీద వినయం ఫోటోలు తీసేసి, 'విజేత చైర్మన్‌గారికి అభినందనలు' అనే ఫ్లెక్సీలు కట్టేశారు. ముందుచూపున్న పాలన అంటే అదే.

చైర్మన్‌గారికి ఈత రాదని కొందరు పుకారు పుట్టించారు. రాకపోవడమేమిటి? పడవలో కూర్చుని ఒక చెయ్యి నీళ్ళలో పెట్టి ఎంత హుందాగా ఆడించారని! నడి చెరువులో ఆయనకు ఫోన్ వచ్చింది. పడవ ఆగింది. ఆయన ఎవరి బదిలీనో ఆపించే దాకా, వెనకాల ఈతగాళ్ళంతా ఉన్నచోటే కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ తేలారు. మునిగిపోకుండా ఉండటమే పౌరధర్మమని సగంసారుకు అప్పుడే అర్థమైంది.

తర్వాత సైకిలు. ఎత్తుపల్లాలు ప్రజాప్రతినిధికి తగవని, ఆయన సైకిలును ఒక టాపులేని వ్యాను మీద బిగించారు. ఆయన పైన తొక్కారు, వ్యాను కింద నడిచింది. వెనకాల సగంసారుకు బ్రేకులు నొక్కీ నొక్కీ చేతులు పడిపోయాయి. వేగంగా వెళ్ళడం నేర్చుకున్నాడే గాని, ఇంత మెల్లగా వెళ్ళడం అతనికి ఎవరూ నేర్పలేదు.

పరుగు మాత్రం చైర్మన్‌గారు నిజంగానే నేల మీద చేశారు. మధ్యమధ్య ఆగి జనంతో చేతులు కలిపారు, ఒక పసిపిల్లను ఎత్తుకున్నారు, దాన్ని ఏడిపించి వాళ్ళమ్మకు తిరిగిచ్చారు. వెనకాల పోటీదారులంతా నిలుచున్నచోటే పరుగెత్తారు.

చివరికి ముగింపు గీత కనిపించింది. నేల మీద తెల్లసున్నం, దాని మీద అడ్డంగా కట్టిన ఎర్ర రిబ్బను. గీతకు అవతల ప్లాస్టిక్ కుర్చీలో మామగారు, పక్కనే సగంసారు భార్య. సగంసారుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రిబ్బను చూడగానే చైర్మన్‌గారు టక్కున ఆగారు. కుడిచెయ్యి పక్కకు చాచారు. రాజకీయాల్లోకి వచ్చిన నాటి నుంచీ రిబ్బను ముందు ఆ చెయ్యి అలాగే చాచుకుంటుంది, అందులో కత్తెర వచ్చి పడుతుంది. ఇవాళ పడలేదు.

"సార్, దీన్ని ఛాతీతో తెంచాలి," గొణిగాడు పళ్ళ డాక్టరు.

"సారు ఛాతీ ఏమైనా కత్తెర అనుకున్నావా?" కసిరాడు ప్రోటోకాల్ ఆఫీసర్. "కత్తెర! ఎవరి దగ్గరైనా కత్తెర ఉందా?"

సగంసారు భార్య బట్టలు కుడుతుంది. రిబ్బను తెగితే తన మొగుడు దాటతాడన్న ఆశతో సంచిలోంచి కత్తెర తీసి ఇచ్చింది. చైర్మన్‌గారు కత్తిరించారు. చప్పట్లు మోగాయి.

"ఈ ట్రయాథ్లాన్‌ను ప్రారంభిస్తున్నందుకు ఎంతో ఆనందంగా ఉంది," అన్నారాయన. కత్తెరను అలవాటుగా పీఏ చేతికిచ్చి, గీతకు ఇవతలే వచ్చి ఆగిన కారెక్కి, ఇంకో ప్రారంభోత్సవానికి వెళ్ళిపోయారు.

"అయ్యో, నా కత్తెర!" అంది భార్య.

పోటీదారులు గీత వైపు కదిలారు. ఆఫీసర్ ప్రకటనల మైకు పట్టుకునే అడ్డంగా నిలబడ్డాడు. "ఆగండాగండి! సారు దాటాకే మీరు."

"సారు వెళ్ళిపోయారు కదండీ?"

"వస్తారు."

"ఎప్పుడు?"

"ఆయనకు తీరిక దొరికినప్పుడు."

పళ్ళ డాక్టరు ఒక దణ్ణం పెట్టి ఇంటికి పోయాడు. ఆ వెనకే ఒక్కొక్కరూ జారుకున్నారు. గీతకు రెండడుగుల ఇవతల సగంసారు ఒక్కడే మిగిలాడు.

"నువ్వు మన నీళ్ళ సెక్షన్ వాడివి కదూ?" అన్నాడు ఆఫీసర్. ఆ ప్రశ్నలో ఉద్యోగం, ఇంక్రిమెంటు, బదిలీ అన్నీ ఉన్నాయి.

అవతలి నుంచి మామగారు మెడ చాచారు. "ఏం సగంసారూ, ఇక్కడా అంతేనా?"

సగంసారు ఆఫీసర్‌ని చూశాడు. సున్నపు గీతను చూశాడు. భయం వేసింది, చాలా భయం వేసింది. ఆఫీసర్ పక్కనుంచి ఒక అడుగు వేశాడు. ఇంకొక అడుగు వేశాడు. దాటేశాడు.

ఆఫీసర్‌కు కోపంలో చేతిలో మైకు ఉన్న సంగతి గుర్తులేదు.

"చైర్మన్‌గారే ఇంకా గీత దాటలేదు! ఆయనకంటే ముందు నువ్వెలా దాటావయ్యా?"

ఆ మాట ఊళ్ళోని ప్రతి స్తంభం మీది లౌడ్‌స్పీకర్లోంచీ, దాని కింద కట్టిన ప్రతి విజేత ఫ్లెక్సీ మీదుగా వినిపించింది. వీధిలో జనం తలెత్తి చూశారు.

మోకాళ్ళ నొప్పి వల్ల ఎవరొచ్చినా లేవని మామగారు కుర్చీలోంచి లేచారు. అల్లుడి భుజం మీద తువ్వాలు కప్పారు.

"పదండి అల్లుడుగారూ, ఇంటికెళ్దాం," అన్నారు. తర్వాత ఫ్లెక్సీ వైపు ఒకసారి చూసి, ఆఫీసర్‌తో మర్యాదగా చెప్పారు.

"మీరు ఇక్కడే ఉండండి బాబూ. ఆ సగంసారు ఎప్పుడొస్తాడో ఏమో."