ఉడుత తోక ఒకటి, పేజీ తొంభై నాలుగు

గీతలయ్య ఆ రోజుకి వేసుకున్న పథకంలో పనులు మూడే. పదింటికల్లా పళ్ళాసుపత్రివాళ్ళకి వాళ్ళ వెబ్‌సైటు డాక్యుమెంటేషన్, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం, పంపించడం, మధ్యాహ్నానికి అక్కడి పెద్ద డాక్టరు చేత సంతకం పెట్టించుకోవడం, నాలుగింటికి బళ్ళో కూతురి నాటకం చూడటం. అద్దం ముందు తల దువ్వుకుంటూ ఈ మూడింటినీ మనసులో వల్లె వేసుకుంటుంటే, వంటింట్లోంచి భార్య నాలుగోది విసిరింది.

"ఏమండీ, తోక మర్చిపోకండి!"

దువ్వెన నెత్తి మీదే ఆగిపోయింది. "తోకా?"

"పాపది ఉడుత వేషం కదా! పోయిన మంగళవారం మీకు ఫోన్ చేసి మరీ చెప్పాను, దర్జీకిచ్చి కుట్టించమని. కొంపదీసి మర్చిపోయారా?"

మామూలు రోజైతే "నువ్వు నాకు చెప్పనే లేదు" అనేసేవాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆ ఒక్క మాటా అతన్ని ఎన్నో గండాలు గట్టెక్కించింది. కానీ ఇప్పుడు ఎదురుగా కూతురు నిలబడి ఉంది. పోయినేడు సీతాకోకచిలుక వేషానికి రెక్కలు తెస్తానని ఈయనగారు తేలేదు. పాపం, ఆ పిల్ల స్టేజీ మీద రెక్కల్లేకుండానే తిరిగింది. చూసినవాళ్ళంతా గొంగళిపురుగు వేషం భలే కుదిరిందని మెచ్చుకున్నారు. పిల్ల ఏడిస్తే ఓదార్చేవాడు, అలిగితే బతిమాలుకునేవాడు. అదేమీ చేయకుండా "పోనీలే నాన్నా" అని పడుకుంది. ఆ మాట ఏడాదిగా అతన్ని పీక్కుతింటోంది.

"తోక ఎప్పుడో కుట్టించేశాను. ఆఫీసులో ఉంది," అనేశాడు.

"ఎంత పొడుగుంది నాన్నా?"

"దాదాపు నీ అంత."

"పైకి వంగి ఉందా?"

"వంగడమేమిటి, నన్ను చూసి ఊగింది కూడా."

పిల్ల పకపకా నవ్వింది. గీతలయ్యకి మాత్రం చెప్పులేసుకుని వీధిలో పడేసరికి ముచ్చెమటలు పోశాయి.

గీతలయ్య అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ప్రోగ్రాము రాసేటప్పుడు రెండు ఏటవాలు గీతలు గీసి, వాటి పక్కన ఏం రాసుకున్నా కంప్యూటరు పట్టించుకోదు. ఫలానా కోడు ఫలానా పని చేస్తుందని తర్వాత వచ్చేవాళ్ళకి తెలియడానికి అక్కడ రాస్తారు. గీతలయ్య ఆ సౌకర్యాన్ని తన సొంతానికి వాడుకున్నాడు. పనిలో ఉండగా ఇంటి నుంచి ఫోన్ వస్తే కాగితం, పెన్ను వెతుక్కునే ఓపిక అతనికి లేదు. ఏ కోడు తెరిచి ఉంటే అందులోనే రెండు గీతలు గీసి, భార్య చెప్పింది చెప్పినట్టు రాసేసేవాడు. రాసేశాను కదా అని నిశ్చింతగా మర్చిపోయేవాడు. పళ్ళాసుపత్రి వెబ్‌సైటు ఆరేళ్ళుగా తయారవుతూ ఉంది కాబట్టి, ఆరేళ్ళ సంసారమూ అందులో భద్రంగా ఉంది.

ఆఫీసులో 'లేఖరి' సిద్ధంగా కూర్చుని ఉంది. అది కొత్తగా కొన్న సాఫ్ట్‌వేరు. కోడు అప్పగిస్తే చాలు, తానే చదువుకుని డాక్యుమెంటేషన్ రాసిపెడుతుందనీ, ఏ ముక్క ఏ తేదీన ఎన్ని గంటలకి రాశారో కూడా పక్కనే వేస్తుందనీ అమ్మినవాడు ఊదరగొట్టాడు. మనిషి రాస్తే మూడు నెలల పని. గీతలయ్య బటన్ నొక్కి తోక గురించి ఆలోచిస్తూ కూర్చున్నాడు. లేఖరి తొమ్మిది నిమిషాల్లో రెండువందల పన్నెండు పేజీలు కక్కింది. గీతల పక్కనున్న రాతల్ని కంప్యూటరు పట్టించుకోకపోవచ్చు గానీ లేఖరికి కావలసిందే అవి. ఆ సంగతి మన మహానుభావుడికి తట్టలేదు.

మేనేజరు పుస్తకాలు చదివే మనిషి కాదు, తూచే మనిషి. ప్రింటు తీయించి, రెండు చేతుల్లో పట్టుకుని పైకీ కిందకీ ఆడించాడు.

"బరువుందయ్యా! చదివావా?"

"లేఖరి చదివింది సార్."

"అయితే సరే." మొదటి పేజీ అడుగున "ప్రతి అక్షరమూ సరిచూడబడినది" అని రాసి, సంతకం గిలికి, ఆసుపత్రికి పంపించేశాడు. "ఇవాళే వాళ్ళు సైటు మొదలుపెడుతున్నారు. పెద్ద డాక్టరు సంతకం పడిందా, నువ్వు మూడింటికే వెళ్ళిపో. పడలేదా, నాటకం సంగతి మర్చిపో."

గీతలయ్య టీ తాగొస్తానని చెప్పి తోక వేటలో పడ్డాడు. మొదటి దర్జీ నలభై ఏళ్ళుగా మనుషులకే కుడుతున్నానని చెప్పి తలుపు చూపించాడు. రెండో దర్జీ కుట్టడానికి ఒప్పుకున్నాడు గానీ ఎల్లుండి రమ్మన్నాడు.

"ఎల్లుండి వస్తే నాటకం ఉండదయ్యా! రెండడుగుల గుడ్డ, లోపల ఇంత దూది. ఎంతసేపు?"

"తోకే కదా అని తేలిగ్గా అంటారు. కట్టుకోవడానికి నడుం కొలత కావాలి. తెచ్చారా?"

అంతలో ఫోన్ మోగింది. ఆసుపత్రి పెద్ద నర్సమ్మ. ఆవిడ పోయినసారి వేరే కంపెనీ సాఫ్ట్‌వేరుతో సొంత తెలివి వాడి, అందరి ముందూ చీవాట్లు తిన్న మనిషి. ఈసారి పుస్తకంలో ఉన్నది తప్ప ఇంకేమీ చేయకూడదని ఒట్టు పెట్టుకుంది.

"బాబూ, పదకొండో పేజీలో సిద్ధం చేసుకోమన్న నూనె ఉంది చూడండి, అది ఏ రకమైనా పర్లేదా?"

గీతలయ్య చెవి ఫోన్ దగ్గర, ప్రాణం దర్జీ కత్తెర దగ్గర ఉన్నాయి. "పుస్తకంలో ఎలా ఉంటే అలా చేసెయ్యండమ్మా. ఒక్క అక్షరం కూడా వదలకండి," అని పెట్టేశాడు.

తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఇదే. గంటన్నర తర్వాత, నాలుగో దర్జీ కొట్టు మెట్లు దిగుతుంటే మేనేజరు ఫోన్ చేశాడు.

"ఏవయ్యా, ఎక్కడ చచ్చావు? ఆసుపత్రి ముందు జనం గోల గోలగా ఉన్నారట! అక్కచెల్లెళ్ళున్న మగాళ్ళందర్నీ వెనక్కి పంపేస్తున్నారట! ఇదేమిటంటే మన పుస్తకంలో ఉందంటున్నారు!"

గీతలయ్య మెట్ల మీదే కూలబడి, ఫోన్లో పుస్తకం తెరిచాడు.

"అధ్యాయం ఒకటి. అపాయింట్‌మెంటు ఖరారు చేయుటకు ముందు అత్తయ్య మోకాలి నూనె రెండు సీసాలు సిద్ధముగా ఉంచవలెను." "అధ్యాయం రెండు, లాగిన్. లోనికి ప్రవేశించువారు చెప్పులు బయటనే విడువవలెను. ఇప్పుడే తుడవడమైనది." "అధ్యాయం మూడు, ఖాళీల పరిశీలన. బావమరిది అడిగిన యెడల లేదని చెప్పవలెను. ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరాదు." "అధ్యాయం ఆరు. పొరపాటు జరిగినచో పక్కింటావిడకు తెలియనివ్వరాదు."

మూడో అధ్యాయం సంగతి అతనికి బాగా గుర్తుంది. తన తమ్ముడు కారు అడిగితే ఇవ్వొద్దని రెండేళ్ళ కిందట భార్య ఫోన్ చేసినప్పుడు రాసుకున్నాడు. మర్నాడే మర్చిపోయి కారు ఇచ్చేశాడు కూడా.

మేనేజరూ అతనూ ఆసుపత్రికి చేరేసరికి రెండున్నర అయింది. గుమ్మం బయట చెప్పులు కుప్పలుగా పడి ఉన్నాయి. డాక్టర్లతో సహా అందరూ ఒట్టికాళ్ళతో తిరుగుతున్నారు. పక్కింటి వైపు కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి, బుగ్గ వాచిన పెద్దమనిషిని నిలదీస్తోంది.

"మీ అక్కచెల్లెళ్ళకి పెళ్ళయిందా?"

"నాకు పన్ను నొప్పి తల్లీ! పెళ్ళి సంబంధానికి రాలేదు!"

"అయిందా, లేదా?"

"అక్కకైంది."

"అంటే మీరొకరికి బావమరిది. ఖాళీ లేదు."

"వాళ్ళతో మాకు మాటల్లేవమ్మా, ఏడేళ్ళయింది!"

"మాటల్లేకపోతే చుట్టరికం పోతుందా?" అని ఆ అమ్మాయి తర్వాతివాళ్ళని పిలిచింది.

పెద్ద నర్సమ్మ చేతిలో పుస్తకంతో ఎదురొచ్చింది. "రండి బాబూ. చెప్పులు విప్పారా?"

"అమ్మా, మీకు అనుమానమైనా రాలేదా?" అన్నాడు గీతలయ్య ఏడుపు గొంతుతో.

"ఎందుకు రాలేదూ! అత్తయ్యేమిటి, ఆవిడ మోకాలేమిటి అనుకున్నాను. మీ కంప్యూటర్లవాళ్ళు దేనికి ఏ పేరు పెట్టుకుంటారో మాకేం తెలుసు? ఫోన్ చేస్తే మీరే ఒక్క అక్షరం వదలొద్దన్నారు. పైగా ప్రతి అక్షరమూ సరిచూశామని మీ సారు సంతకం ఉండనే ఉంది."

మేనేజరు తన సంతకమున్న పేజీని గబుక్కున తిప్పేశాడు. గీతలయ్య గోడ గడియారం చూశాడు. రెండూ నలభై. సంతకం లేదు, తోక లేదు, రేపటికి ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. అయినా అతని కళ్ళ ముందు మాత్రం తోకలేని ఉడుత ఒకటి నిలబడి "పోనీలే నాన్నా" అంటోంది.

సరిగ్గా అప్పుడు ఒక భారీ మనిషి, వెనక నలుగురు స్నేహితులతో, వరుసలో ఉన్నవాళ్ళని తోసుకుంటూ కౌంటరు దగ్గరికొచ్చాడు.

"కుర్చీ ఖాళీ చేయించండి. అయిదుగురం. పళ్ళు తోమించుకోవాలి."

"అపాయింట్‌మెంటు ఉందాండీ?"

"నాకు అపాయింట్‌మెంటా? నేనెవరో తెలుసా? పెద్ద డాక్టరుగారి బావమరిదిని!"

కౌంటరు అమ్మాయి మొహం వెలిగిపోయింది. పొద్దున్నుంచీ అందర్నీ అడిగి అడిగి విసిగిపోయిన పిల్లకి, అడక్కుండానే ఒకడు ఒప్పుకున్నాడు. పుస్తకం అతని వైపు తిప్పి, మూడో అధ్యాయం మీద వేలు పెట్టింది. "ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరాదు అని ఉందండీ."

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. మొహం కందగడ్డలా చేసుకుని, "అచ్చు వేయించి మరీ అవమానిస్తారా! ఈ గడప మళ్ళీ తొక్కితే ఒట్టు!" అని స్నేహితుల్ని వెంటేసుకుని చరచరా వెళ్ళిపోయాడు. ఆ కోపంలో వేరేవాళ్ళ చెప్పులు వేసుకుపోయాడు.

లోపలి గది తలుపు తెరుచుకుని పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. మేనేజరు ఒక అడుగు వెనక్కి వేసి గీతలయ్య వీపు మీద చెయ్యిపెట్టి ముందుకు తోశాడు. "సార్, రాసింది ఇతనే. నాకేమీ తెలియదు."

పెద్ద డాక్టరు మూతికున్న గుడ్డ కిందికి లాగాడు. "వెళ్ళిపోయాడా?"

"వెళ్ళిపోయారు సార్," అంది నర్సమ్మ.

"మళ్ళీ రానన్నాడా?"

"ఒట్టేసుకున్నారు సార్."

ఆయన రోగుల బల్ల మీద కూర్చుని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "పద్నాలుగేళ్ళు! ప్రతి గురువారం ఊళ్ళోవాళ్ళని వెంటేసుకుని ఊడిపడేవాడు. కాదంటే ఇంట్లో మా ఆవిడ ఊరుకోదు. ఇప్పుడు నేనేమీ అనలేదు కదా, పుస్తకం అంది. పుస్తకంతో ఎవరు పోట్లాడతారు? ఎవరయ్యా ఇంత ముందుచూపుతో రాసింది?"

"నేనే దగ్గరుండి ప్రతి అక్షరమూ సరిచూశాను సార్," అన్నాడు మేనేజరు, వేసిన అడుగు మళ్ళీ ముందుకేసి.

"ఒక్క సవరణ. బావమరిదికి ముందు 'నా' అని చేర్చండి. పాపం, మిగతావాళ్ళని లోపలికి రానివ్వండి." అని ఆయన కాగితం మీద బరబరా సంతకం పెట్టేశాడు. బుగ్గ వాచిన పెద్దమనిషి అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

గీతలయ్యకి సంతోషించే తీరిక కూడా లేదు. మూడూ పది. తోక లేకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే వెనక నుంచి నర్సమ్మ పిలిచింది.

"బాబూ, మరి ఆ సామానంతా ఏం చేయమంటారు?"

"ఏ సామాను?"

"పుస్తకంలో సిద్ధం చేయమన్నవి. తొమ్మిదో అధ్యాయం దాకా చేశాం."

పక్క గదిలో బల్ల మీద అన్నీ వరుసగా పేర్చి, ఒక్కోదానికి పేజీ నంబరు అంటించి ఉన్నాయి. మోకాలి నూనె రెండు సీసాలు, ఎలుకల బోను, టార్చిలైటు బ్యాటరీలు, తెల్లదారం ఉండ. చివర్న, తొంభై నాలుగో పేజీ చీటీతో, ముదురు గోధుమరంగు దుప్పటిగుడ్డతో కుట్టి, లోపల దూది దట్టించి, తీగ పెట్టి పైకి వంచిన రెండున్నర అడుగుల ఉడుత తోక!

"పరదాలు కుట్టే ఆవిడ చేత కుట్టించాను. ఆసుపత్రిలో దూదికి కొదవేముంది?" అంది నర్సమ్మ. "కొలత సరిపోతుందా? పుస్తకంలో నడుం కొలత ఇవ్వలేదు మీరు. అందుకని నాడా పెట్టించాను."

గీతలయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. నర్సమ్మ మొత్తం సామానూ, పైన పుస్తకం ఒక ప్రతీ సంచీలో సర్ది అతని భుజానికి తగిలించింది.

నాలుగింటికి రెండు నిమిషాల ముందు తోక కూతురి నడుముకి చేరింది. నాటకంలో ఉడుతకి ఉన్నది రెండు మాటలే గానీ, తోక మాత్రం స్టేజీ అంతా ఏలింది. పిల్ల ఇటు తిరిగితే రాజుగారి కిరీటం పడింది, అటు తిరిగితే అట్టముక్కల చెట్టు పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పిల్ల చెట్టు మీద నిలబడి, తండ్రి వైపు చూసి తోక ఊపింది. గీతలయ్య అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాడు. రెక్కల బాకీ ఆ రోజుతో తీరిపోయింది.

ఆట అయిపోయాక చూస్తే పక్క కుర్చీలో భార్య సంచీలోని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదువుతోంది. చాలాసేపటి నుంచి చదువుతున్నట్టుంది, ఎందుకంటే అప్పటికే చాలా పేజీల మూలలు మడిచి ఉన్నాయి.

"'అత్తయ్య మోకాలి నూనె'. నాలుగేళ్ళ కిందట, మార్చి పదకొండు, ఉదయం పదకొండూ ఇరవై," అని పైకి చదివింది. "మా అమ్మ నూనె గురించి నేను చెప్పనే లేదన్నారు కదూ?"

గీతలయ్య నోరు తెరిచాడు.

"'ఎలుకల బోను'. ఇదీ చెప్పలేదన్నారు. ఆ ఏడాదే నా కొత్త దుప్పటి ఎలుకలు కొట్టేశాయి. 'బావమరిది అడిగిన యెడల లేదని చెప్పవలెను'. దీనికి తేదీ, టైమూ రెండూ ఉన్నాయి. కారు మర్నాడే ఇచ్చారు."

"నాన్నా," అంది పిల్ల, తోకని ఒళ్ళోకి లాక్కుని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "తోక ఎప్పుడో కుట్టించానన్నావు కదా, మరి దీని మీద పళ్ళాసుపత్రి ముద్ర ఎందుకుంది?"

తెరిచిన నోటిని గీతలయ్య మెల్లగా మూసేశాడు. పన్నెండేళ్ళు కాపాడిన ఆ ఒక్క మాటా ఇక పనికిరాదని అతనికి అర్థమైపోయింది.

మర్నాడు ఆసుపత్రి పుస్తకాన్ని సరిదిద్ది కొత్త ప్రతి ఇచ్చారు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ మొదటి ప్రతే అమల్లో ఉంది.