గడువులోపల ఇచ్చేసిన పుస్తకం

ఆ రోజు పొద్దున పండు వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తలంటు పోసుకోవడం, కాఫీ తాగడం, బల్ల ముందు కూర్చుని పేజీ నంబర్లు ఎక్కించడం, సాయంత్రం నాలుగు కొట్టకముందే కాలేజీకి వెళ్ళి వ్యాసం ఇచ్చి రావడం. వ్యాసం అప్పటికే పూర్తయింది. పాత రేవుల్లో పడవల మీద సుంకం ఎవరు వసూలు చేసేవారు, ఎవరు ఎగ్గొట్టేవారు అన్నది విషయం. మిగిలినవల్లా ప్రతి పేజీ అడుగున 'ఫలానా పుస్తకం, ఫలానా పేజీ' అని రాయడానికి వదిలిన ఖాళీలు.

ఆ ఖాళీలతోనే అసలు ప్రమాదం. వ్యాసాలు దిద్దే ప్రొఫెసరుగారికి విద్యార్థులు పెట్టిన పేరు ఫుట్‌నోటు సారు. ఆయన ఏ వ్యాసాన్నైనా కింద నుంచి పైకి చదువుతారని ప్రతీతి. పండు వ్యాసాన్ని ఆయన ఇప్పటికే ఒకసారి, ఒక్క నంబరు తగ్గినందుకు, "ఇది పరిశోధనా, పక్కింటావిడ చెప్పిన కబురా?" అని తిరగ్గొట్టారు. ఇవాళ నాలుగింటికి ఆయన గదికి తాళం వేసేలోగా వ్యాసం సక్రమంగా చేతిలో పెడితేనే పరిశోధన సీటు కాగితం మీద సంతకం. లేకపోతే ఏడాదిపాటు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడమే. ఆ సీటు తప్ప పండుకు మరో కోరిక లేదు.

ఆధారాలన్నీ దాదాపు ఒకే పుస్తకంలో ఉన్నాయి. లైబ్రరీలో బీరువా అడుగు అరలోంచి తెచ్చుకున్న పాతకాలపు పుస్తకం అది. సుంకాల అధ్యాయంలో అచ్చు కాగితాల మడతలు కోయకుండానే ఎవరో కుట్టేశారు. రెండేసి ఆకులు అంచు దగ్గర కలిసిపోయి సంచుల్లా ఉన్నాయి. పండు స్టీలు స్కేలు పెట్టి ఒక్కొక్క మడతే కోసుకుంటూ చదివింది. అంచులు కొంచెం గీరుకుపోయినా పని జరిగింది. కావలసిన ప్రతిచోటా రంగుకాగితం ముక్క పెట్టుకుంది. నంబర్లే కదా, చివర్లో రాసుకోవచ్చులే అనుకుంది.

తల తుడుచుకుంటూ గదిలోకి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

"నాన్నా, ఇక్కడ పుస్తకం ఏదీ?"

"ఇచ్చేశానమ్మా" అన్నాడు నాన్న, గుమ్మంలో చెప్పులు విప్పుతూ.

నాన్న స్టేషను మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. పాతికేళ్ళకు పైగా ఇతరుల బండ్లు ఆలస్యమైతే తాను సంజాయిషీ ఇచ్చుకున్నాడు. అందుకని గడువు అన్న మాట ఎక్కడ కనిపించినా ఆయనకు నిద్ర పట్టదు.

"ఇవాళే ఆఖరు రోజు. ముద్ర చూశాను. వాళ్ళు తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. మొట్టమొదటి పుస్తకం మనదే!" అన్నాడు గర్వంగా.

"అందులో నా కాగితం ముక్కలున్నాయి నాన్నా!"

"వాళ్ళ పుస్తకంలో మన కాగితాలెందుకు వదిలేస్తాను? అన్నీ తీసి జాగ్రత్తగా పెట్టాను." జేబులోంచి తీసి చూపించాడు. రంగుల వారీగా సర్ది, రబ్బరు బ్యాండు కూడా వేశాడు.

వంటింట్లోంచి అమ్మ వచ్చి ఇద్దరి మొహాలూ చూసి సంగతి గ్రహించింది. "తప్పు నీదేనే. గడువున్న వస్తువు ఈయన కళ్ళెదుట పెట్టి, ఏ ధైర్యంతో తలంటుకి వెళ్ళావు?" అని, అంతలోనే జాలిపడి, "పోనీ, మీ సారు రాసిన పుస్తకం నీ దగ్గరుందిగా? ఆయనా ఈ సుంకాల మాటలే ఎత్తి రాశారన్నావు. అందులో నంబర్లు చూసి వేసెయ్యి" అంది.

"అమ్మో! పుస్తకం తెరవకుండా పేజీ నంబరు రాసినవాడు దొంగసాక్షితో సమానం అంటారమ్మా ఆయన. తెలిస్తే సంతకం మాట అటుంచి, గడప తొక్కనివ్వరు" అంది పండు, తడిజుట్టు ముడేసుకుంటూ.

"పద, స్కూటరు తీస్తాను" అన్నాడు నాన్న.

నాన్న స్కూటరు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పచ్చలైటు పడ్డాక కూడా ఆయన అటూ ఇటూ చూసి, వెనక వాళ్ళు హారన్లు మోగించాక, వాళ్ళకు క్రమశిక్షణ లేదని తిట్టి, అప్పుడు కదిలాడు. వెనక సీటు మీద పండు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

లైబ్రేరియను వాళ్ళిద్దర్నీ చూడగానే లేచి నిలబడ్డాడు. "మీరు చెప్పినట్టే చేశానండీ. పుస్తకం బైండింగుకి వెళ్ళిపోయింది."

"ఎవరు చెప్పారు?" అంది పండు.

"మీ నాన్నగారే కదమ్మా! అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి, పుస్తకాలు చూసుకునే తీరు ఇదేనా అని పొద్దున్నే నలుగురిలో నన్ను కడిగేశారు. నాకూ రోషమొచ్చింది. అదృష్టం కొద్దీ బైండరు గుమ్మంలోనే ఉన్నాడు. ఉన్నది ఈ ఒక్క ప్రతే, మళ్ళీ నాకు మాట రాకుండా అంచులు శుభ్రంగా కోసెయ్యమని మరీ మరీ చెప్పి పంపించాను."

నాన్న మొహం వెలిగిపోయింది. "చూశావా? చెప్పగానే చేశారు. ఆఫీసంటే ఇలా ఉండాలి."

కొరికిన ఎలుక తానేనని పండు చెప్పలేదు. "బైండరుకి ఫోను చెయ్యండి, ప్లీజ్" అని మాత్రం అంది. లైబ్రేరియను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. "మిషను చప్పుడులో వినపడదమ్మా" అంటూ చిరునామా రాసిచ్చాడు.

ఆ చిరునామాలో ఇప్పుడు కళ్ళద్దాల దుకాణం ఉంది. బైండరు కొట్టు మార్చాడు. ఎక్కడికన్నది కళ్ళద్దాలవాడికి తెలియదు. పక్కన చెప్పులు కుట్టేవాడికి కొంచెం తెలుసు. ఆ కొంచెం పట్టుకుని మిట్టమధ్యాహ్నం దాకా సందులన్నీ గాలించారు. ప్రతి మలుపులోనూ నాన్న స్కూటరాపి ఇద్దరు ముగ్గుర్ని అడిగి, వాళ్ళు చెప్పిన దారులు వేరువేరుగా ఉంటే, వాళ్ళలో వాళ్ళు ఒక మాట మీదికి వచ్చేదాకా కదలలేదు. పండుకు ఏడుపూ కోపమూ ఒకేసారి వస్తున్నాయి. ఏదైనా అందామంటే వెనక నుంచి ఆయన చొక్కా చెమటకు తడిసిపోయి కనిపిస్తోంది.

చివరికి జిగురు వాసన దారి చూపించింది. ఓ మేడ కింద, ఇరుకు గదిలో మిషను చప్పుడు వినిపించింది. పండు స్కూటరు ఆగకముందే దూకి, "ఆపండి! ఆపండి!" అని అరుస్తూ లోపలికి పరుగెత్తింది.

కత్తి దిగింది.

"అయిపోయిందమ్మా, కంగారు పడకండి" అన్నాడు బైండరు ఆప్యాయంగా. పుస్తకం తీసి అంచుల మీద అరచేత్తో నిమిరి చూపించాడు. "అద్దంలా వచ్చింది చూడండి. గీరుకుపోయి ఉంటే ఇంకాస్త లోపలికే లాగాను."

పండు పుస్తకం లాక్కుని తెరిచింది. ఆ పుస్తకంలో పేజీ నంబర్లు కింది మూలల్లో ఉండేవి. ఇప్పుడు కింది మూలలు లేవు. పేజీ తరవాత పేజీ తిప్పింది. సుంకాలున్నాయి, పడవలున్నాయి, రేవులున్నాయి. నంబరు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

"దొరికాయమ్మా!" అని వెనక నుంచి నాన్న కేక. మిషను కింద గోనెసంచిలో మోచేతుల దాకా చేతులు పెట్టి, రెండు పిడికిళ్ళ నిండా కాగితపు పేలికలు పైకి తీశాడు. "నంబర్లన్నీ ఇక్కడే ఉన్నాయి! ఒక్కటీ పోలేదు!"

పొద్దున పేజీలు లేని గుర్తులు తెచ్చి ఇచ్చిన తండ్రి, మధ్యాహ్నం పేజీలు లేని నంబర్లు తెచ్చి ఇస్తున్నాడు. పండు కట్టల మధ్య నేల మీద కూలబడి భోరుమంది.

నాన్న చేతుల్లోంచి పేలికలు రాలిపోయాయి. కూతురు ఏడవడం ఆయన చాలాకాలంగా చూడలేదు. వచ్చి పక్కనే చతికిలబడ్డాడు. "అంతా నా వల్లే కదే. అయ్యవారిని చేయబోతే కోతి అయింది" అన్నాడు. తరవాత, తనలో తాను అనుకుంటున్నట్టు, "పెట్టెల మీద నంబర్లు చెరిగిపోతే మేం ఇంజను దగ్గర్నుంచి లెక్కపెట్టుకునేవాళ్ళం" అన్నాడు.

పండు తలెత్తింది. ఆయన అప్పటికే అట్ట తీసి "ఒకటి, రెండు" మొదలుపెట్టాడు.

"అక్కణ్ణించి కాదు నాన్నా. ముందుమాటకి నంబర్లు వేరే ఉన్నాయి, నాకు గుర్తుంది. ఆగు." కళ్ళు తుడుచుకుని విషయసూచిక తీసింది. ఏ అధ్యాయం ఏ పేజీలో మొదలవుతుందో పేజీ మధ్యలో, నిలువు వరుసలో, కత్తికి అందకుండా భద్రంగా ఉంది. "ఇదిగో సుంకాల అధ్యాయం మొదలు. ఇక్కణ్ణించి లెక్కపెడితే చాలు!"

చాలు అన్నంత సులువేమీ కాలేదు. పండు వాక్యం కోసం వెతుకుతుంటే, నాన్న పైకి లెక్కపెడుతున్నాడు. పక్కనే బైండరు ఎవరికో ఫోనులో అట్టల కొలతలు చెబుతున్నాడు. ఆయన చెప్పిన కొలతలోకి ఈయన లెక్క జారిపోయింది. మళ్ళీ మొదటికి వచ్చారు. రెండోసారీ జారింది. మూడోసారి స్టేషను మాస్టరు గొంతుతో నాన్న వేసిన కేకకు బైండరు ఫోను పెట్టేసి, మిషను ఆపేసి, తలుపు మూసి, తానూ వచ్చి కూర్చుని గుడ్లప్పగించి చూశాడు. ఆఖరి ఖాళీ నిండేసరికి ఎండ ఏటవాలుగా పడుతోంది.

కాలేజీకి వెళ్ళే దారిలో నాన్న జీవితంలో మొదటిసారి ఎర్రలైటు దాటాడు. దాటాక కూడా స్కూటరు ఆపలేదు.

ఫుట్‌నోటు సారు తాళంకప్ప చేతిలో పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. గోడ గడియారం చూశారు, పండును చూశారు, వెనక ఒళ్ళంతా కాగితపు పొట్టుతో నిలబడ్డ నాన్ననూ చూశారు. వెనక్కి వెళ్ళి కూర్చుని, అలవాటు ప్రకారం కింద నుంచి మొదలుపెట్టారు. కాసేపటికి వేలు ఆగింది. అరలోంచి తాను రాసిన పుస్తకం తీసి పక్కన పెట్టుకున్నారు. ఒక్కొక్క నంబరూ పోల్చారు.

"ఇవే మాటలు నేనూ ఎత్తి రాశాను. నా నంబర్లు వేరు, నీ నంబర్లు వేరు" అన్నారు. "ఒక్కటి కూడా కలవదు. అసలు పుస్తకం తెరిచావా?"

"తెరిచాను సార్. చేత్తో లెక్కపెట్టి రాశాను."

"లెక్కపెట్టడమేమిటి? పేజీ మీద నంబరుండదా?"

అబద్ధమాడటం నాన్నకు రాదు. పొద్దుటి గడువు నుంచి గోనెసంచి దాకా ఏదీ దాచకుండా చెప్పేశాడు. వింటున్న కొద్దీ సారు మొహం ఎర్రబడింది.

"అంటే నంబర్లు లేని పుస్తకం పట్టుకుని నా నంబర్లు తప్పంటారా? ఆ అధ్యాయాన్ని నేను లైబ్రరీలో కూర్చుని అక్షరం అక్షరం చదివాను! నా పుస్తకానికి అదే పునాది!" వ్యాసం మూసి పక్కకు నెట్టారు. "వచ్చే ఏడాది చూద్దాం."

ఇక దాచి మాత్రం ఏం లాభమని పండు తన తప్పు కూడా ఒప్పేసుకుంది. "క్షమించండి సార్, నాన్న తప్పేం లేదు. అంచులు పాడుచేసింది నేనే. ఆ అధ్యాయం మడతలు కోయకుండా అలాగే ఉన్నాయి. అచ్చయిన దగ్గర్నుంచీ ఎవరూ విప్పలేదు. నేనే స్కేలుతో ఒక్కొక్కటీ కోసి చదివాను. అందుకే గీరుకుపోయాయి. అందుకే బైండరు అంత లోపలికి కోశాడు."

సారు చెయ్యి తన పుస్తకం మీదికి వెళ్ళింది.

"ఆ అధ్యాయమేనా?" అన్నారు సారు, చాలా మెల్లగా.

"మొత్తం అధ్యాయం సార్."

నాన్న ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన మొహంలో వెటకారం లేదు, నిజమైన గౌరవమే ఉంది. "కవరు చింపకుండా ఉత్తరం చదివేవాణ్ణి మా రైల్వేలో ఒకణ్ణి చూశానండీ. దీపానికి అడ్డంగా పట్టుకునేవాడు. పుస్తకం కూడా అలాగే చదవొచ్చా?"

సారుది తేలు కుట్టిన దొంగ పరిస్థితి అయింది. తాళంకప్ప బల్ల మీద పెట్టారు. తన పుస్తకం తీసి అరలోకి తోసి, అర మూశారు. పండు వ్యాసాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కుని, ఈసారి పై నుంచి కిందికి, అక్కడక్కడా మాత్రమే చూసి, సీటు కాగితం మీద సంతకం పెట్టారు.

"పేజీ నంబర్లదేముందమ్మా" అన్నారు కలానికి మూత పెడుతూ. "భావం ముఖ్యం."

మెట్లు దిగుతూ పండు నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన మాత్రం ఆ ఎర్రలైటు దగ్గరికి వెళ్ళి పోలీసుకు చెప్పి వద్దామా అని ఆలోచిస్తున్నాడు.

తరవాతి వారం కొత్త అట్టతో పుస్తకం లైబ్రరీకి చేరింది. చేరిన రోజే ఫుట్‌నోటు సారు స్వయంగా వచ్చి ఇంటికి తీసుకెళ్ళారు. గడువు దాటి చాలా రోజులైంది, ఇంకా తిరిగి ఇవ్వలేదు. ఈ సంగతి నాన్నకు ఇంకా ఎవరూ చెప్పలేదు.