మైకులో పుట్టిన మనవడు

పొద్దున వెళ్లి, నొప్పులు వచ్చే మందు పెట్టించుకుని, సాయంత్రానికి బిడ్డతో దుమ్ముగూడెం తిరిగి రావాలి. జయరాజ్ వేసిన పథకం ఇది. ఆయన బోరు మోటార్లు బాగుచేసే మనిషి. స్విచ్ వేస్తే నీళ్లు రావాలన్నదే ఆయనకు తెలిసిన పద్ధతి. కోడలు గ్రేస్‌కు డాక్టరు చెప్పిన తేదీ దాటినా నొప్పులు రాలేదు.

భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ గ్రేస్‌కు అంతా విడమరచి చెప్పింది. ముందు జెల్ పెడతారు. దాంతో గర్భసంచి ముఖద్వారం మెత్తబడాలి. ఒకసారి చాలకపోవచ్చు. ఆ తర్వాత అవసరమైతే సెలైన్‌లో మందు ఎక్కిస్తారు. తొలి కాన్పు గనుక ఒకటి రెండు రోజులు పట్టినా కంగారు పడకూడదు, బిడ్డ గుండె చప్పుడు చూస్తూనే ఉంటారు. అవసరం లేకుండా కోయించుకోనని గ్రేస్ ఇంటి దగ్గరే తేల్చి చెప్పింది కాబట్టి శ్రద్ధగా విన్నది. భర్త ప్రభుదాస్ తలూపాడు. అత్త విశ్రాంతమ్మ కళ్లు మూసుకుని ప్రార్థించింది. జయరాజ్ మాత్రం సగమే విని, తాను చర్చి సంఘపెద్ద గనుక మర్నాటి ఉదయ ప్రార్థన పనులున్నాయని ఊరికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దుటికి కూడా నొప్పులు రాలేదు. నడవమన్నారని గ్రేస్ వరండాలో నడుస్తోంది. పక్క మంచం శ్యామల రాత్రే కన్నది. ముఖం కడుక్కుని వస్తానని పసివాణ్ణి గ్రేస్ చేతుల్లో పెట్టింది. జయరాజ్ చెల్లెలు ఆరోగ్యం అప్పుడే చూడవచ్చింది. ఇది చూసే వేళ కాదని ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. ఆమె అక్కడి నుంచే ఫొటో తీసి, ఆ బిడ్డ ఆడా మగా అని వార్డు ఆయమ్మను అడిగి, గ్రేస్‌కు మగపిల్లాడని రాసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. పసివాడి దుప్పటి చాటున గ్రేస్ పొట్ట ఫొటోలో పడలేదు.

జయరాజ్ కొడుక్కి ఫోన్ చేశాడు. ఛార్జింగ్ అయిపోయి అది పలకలేదు. ఇక ఆయన ఆగలేదు. ప్రార్థన ముగియకముందే మైకు అందుకుని తనకు మనవడు పుట్టాడని ప్రకటించాడు. మధ్యాహ్నం కృతజ్ఞత కూడిక, అందరికీ భోజనాలు అన్నాడు. వంటవాళ్లు పొయ్యి వెలిగించారు. యువకులు 'చిన్న జయరాజ్‌కు స్వాగతం' అని ఫ్లెక్సీ కొట్టించడానికి బండి తీశారు. స్త్రీల సమాజం ట్రాలీ ఆటో మాట్లాడుకుని, పసివాడికి టోపీలు పట్టుకుని, పెద్దాయనను ముందు కూర్చోబెట్టుకుని, పాటలు పాడుకుంటూ బయలుదేరింది.

వాళ్లు దిగేసరికి గ్రేస్ నిండు పొట్టతో ఎదురుగా నడిచి వస్తోంది. పాట మధ్యలో ఆగిపోయింది.

"గిదేంది వదినా, లోపల ఇంకొకడున్నడా?" అని, అప్పటిదాకా గేటు దగ్గరే ఉండి వాళ్లతో లోపలికొచ్చిన ఆరోగ్యం విశ్రాంతమ్మను అడిగింది.

శ్యామల తన బిడ్డను గుండెకు హత్తుకుంది. సంగతి తేలాక కూడా తెచ్చిన టోపీలను ఎవరూ వెనక్కి తీసుకుపోలేదు. అన్నీ ఆ పసివాడికే ఇచ్చేశారు.

జయరాజ్ నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, భోజనాల వేళకు ముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీయమన్నాడు. తల్లీ బిడ్డా బాగున్నారని, ఇప్పుడా అవసరమే లేదని ఆమె చెప్పింది. ఆయన కోడలి దగ్గరికి వచ్చాడు.

"సంఘం ముందర నా ఇజ్జత్ పోతది బిడ్డా. నువ్వే అడుగు. నొప్పులు ఓర్చుకోలేనని చెప్పు, చేస్తరు."

"ఇంకా నొప్పులే రాలే మామయ్యా."

"అందుకే ఇప్పుడే అడుగుమంటున్న."

ప్రభుదాస్ ఇద్దరికీ తలూపాడు. పెద్దాయన పరువు సంగతి కూడా చూడాలి కదా అని ఆడవాళ్లలో సగం మంది గొణిగారు. గ్రేస్ గోడకు ఆనుకుని నిలబడింది.

"మైకులో చెప్పిన తప్పు మైకులోనే దిద్దుకోండ్రి మామయ్యా. నా కడుపు కోసి దిద్దుకోకుండ్రి."

విశ్రాంతమ్మ ముందుకొచ్చింది. కోడలిని మందలిస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె గ్రేస్ మోచేతి కింద చెయ్యి వేసింది.

"మీరు పోయి వండిన అన్నం జనానికి పెట్టుండ్రి. మేం నడవాలె," అని భర్తతో అని, కోడలిని వరండా చివరికి తీసుకుపోయింది.

జయరాజ్ ఊళ్లో మైకు ముందు నిలబడి, కాన్పు వాయిదా పడిందని ప్రకటించాడు. భోజనాలు మాత్రం వాయిదా పడలేదు.

సాయంత్రం గ్రేస్‌కు సెలైన్ పెట్టారు. ఆ మందుతో వచ్చిన నొప్పులు ఎవరూ ముందే చెప్పనంత పెద్దవి. గ్రేస్ గట్టిగా పట్టుకోవడంతో విశ్రాంతమ్మ మణికట్టు కమిలిపోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తెల్లవారాక, ఆపరేషన్ లేకుండానే, ఆడపిల్ల పుట్టింది.

జయరాజ్ మనవరాలిని చూసి కళ్లు తుడుచుకున్నాడు. స్వయంగా చూశాడు కాబట్టి ధైర్యంగా ఒక్కొక్కరికీ ఫోన్ చేయసాగాడు. ఎవరూ నమ్మలేదు. నిన్ననే భోజనం చేశాం కదా అన్నారు కొందరు. ఈ వారం మైకు ఇవ్వడం కుదరదని పాస్టరు మర్యాదగా చెప్పాడు. చివరికి సొంత చెల్లెలికి చేశాడు.

"అన్నా, నిన్న మగపిల్లగాడంటివి, ఇయ్యాల ఆడపిల్లంటున్నవ్," అంది ఆరోగ్యం. "మంచిగ తేలినంక చెప్పు, అప్పుడొస్త."

ఒక్క చుట్టమూ రాలేదు. గ్రేస్ బిడ్డను పక్కలో వేసుకుని మధ్యాహ్నం దాకా హాయిగా నిద్రపోయింది.