మిరప కళ్లంలో దిగిన విమానం

ఆ రోజు పొద్దున మహిమ వేసుకున్న లెక్క చాలా సులువైనది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు మధ్యాహ్నానికి గలగలమంటాయి, సాయంత్రానికి బస్తాలకెత్తితే మర్నాడు ఖమ్మం యార్డుకు పోతాయి. ఏడాది కష్టమంతా ఆ ఎర్రటి పరుపే. అందుకే ఏన్కూరు అవతలి అడవి పల్లె నుంచి సీతయ్య, గంగక్కలతో కలిపి పదహారు మందిని కూలికి పిలిపించుకుంది. ఆమె లెక్కలో లేనిదల్లా మొగుడు.

మొగుడు సుకుమార్ ఐటీఐలో ఫిట్టరు పాఠాలు చెబుతాడు. 2001 నుంచి, అంటే ఐదేళ్లుగా, మిర్చి దాచుకోవాల్సిన షెడ్డులో విమానం కడుతున్నాడు. ఒక్కడు కూర్చునే విమానం. అది ఇంతవరకు నేల విడిచింది లేదు. అయినా మహానుభావుడు అందులో మూడేళ్లు చక్రాల మీదే ధారపోశాడు. చక్రాలు బయటికి వేలాడుతుంటే గాలికి అడ్డమట, కనుక ఎగరగానే పొట్టలోకి ముడుచుకోవాలట. ఎగరనిదానికి కాళ్లు ముడవడం నేర్పుతున్న ఈ ఘనతను ఆయన ప్రతి ఆదివారం చర్చిలో సాక్ష్యంగా కూడా చెప్పేవాడు. పాస్టరుగారు ఓపిక గల మనిషి.

ప్రతి కాలికీ ఒక కాలింగ్ బెల్ బొత్తాం బిగించాడు. విమానం బరువు కాళ్ల మీదున్నంతసేపు బొత్తాం నొక్కుకుని ఉంటుంది. బరువు తొలగి అర నిమిషం దాటిందా, కారు వైపరు మోటారు తిరిగి చక్రాలను లోపలికి లాగేస్తుంది. పైలట్ మర్చిపోయినా విమానం మర్చిపోదని ఆయన గొప్ప. అవి మళ్లీ బయటికి రావాలంటే మాత్రం ఇంజిన్ నడుస్తూ ఉండాలి. గాల్లో ఇంజిన్ నడవక ఏం చేస్తుందని ఆయన వాదం. ఆగిపోతే ఏమిటని మహిమ ఒకసారి అడిగితే, అదంతా నీకు అర్థం కాదులే అన్నాడు.

"మహిమా, పది గంటలకు హైదరాబాద్ నుంచి మంగీలాల్ సార్ వస్తున్నడు. ఫ్లయింగ్ క్లబ్బుల ముప్పై ఏండ్లు చేసిన ఇంజినీరు. ఆయన చూసేటాళ్లకు విమానం రోడ్డు మీద ఉండాలె."

"ఉంచుకో. నా కాయల మీదికెళ్లి ఒక్క చక్రం పోయిందనుకో, ఊకోను."

షెడ్డుకూ రోడ్డుకూ మధ్య ఉన్నదంతా కళ్లమే. మనుషులు వట్టి కాళ్లతో తొక్కుతూ కాయను తిరగేయడం మామూలే గానీ, చక్రం దొర్లితే కాయ పగిలి గింజ రాలుతుంది. సుకుమార్ బతిమాలాడు. మహిమ కదల్లేదు. మధ్యలో గంగక్క కలగజేసుకుంది.

"దీనికేందక్కా గింత లొల్లి? మా ఊళ్లె గుడిసె కప్పు కిందనే అల్లి, అందరం పట్టి గోడల మీదికి ఎక్కిస్తం. ఇది అంత బరువు కూడ ఉండదు."

భద్రాచలం దిక్కున మబ్బు పడుతోంది. "జల్దీ కానియ్యండి మరి," అంది మహిమ.

చక్రాలు కిందికి ఉన్నాయని చెప్పే పచ్చ బల్బు మంగీలాల్ సారుకు వెలుగుతూ కనబడాలని సుకుమార్ అప్పటికే బ్యాటరీ స్విచ్చు వేసి ఉంచాడు. పదహారు మంది ఒక్క ఊపున విమానాన్ని భుజాల మీదికి తీసుకున్నారు. కళ్లం నడిమికి వచ్చేసరికి పైన ఏదో గుర్రుమంది. చక్రాలు రెండూ సిగ్గుపడ్డట్టు లోపలికి ముడుచుకున్నాయి.

"పనిచేసింది! చూసిన్రా, పనిచేసింది!" సుకుమార్ మిరపకాయల్లోనే గంతులేశాడు.

"మంచిదే సారూ," అన్నాడు ముందు నిలబడ్డ సీతయ్య. "మరి దీన్ని దించుడెట్ల? కాళ్లు లేకపాయె."

సుకుమార్ గంతులు ఆగిపోయాయి. రోడ్డు మీద దించితే పొట్ట నేలకానుతుంది, ముందున్న ఫ్యాను విరుగుతుంది. "ఒక్క నిమిషం ఇంజిన్ స్టార్ట్ చేస్త. చక్రాలు దిగుతయ్."

"ఫ్యాను నా మూతి ముంగట ఉంది సారూ!"

సుకుమార్ చక్రాలను చేత్తో లాగి చూశాడు. అవి రాలేదు. ఆయన జీవితంలో చేసినవాటిలో గట్టిగా నిలిచింది ఆ పట్టొక్కటే. ఈలోగా ఆయన గంతులకు లేచిన మిరప ఘాటు పనిచేయడం మొదలుపెట్టింది. గంగక్క తుమ్మింది. ఆమె వెనక నలుగురు తుమ్మారు. తుమ్ము తుమ్ముకూ విమానం జానెడు లేచి పడుతోంది.

"తుమ్మకుండ్రి! రెక్క వంగుతది!" అరిచాడు సుకుమార్, తాను తుమ్ముతూనే.

అప్పుడు మహిమ ముక్కు మీద మొదటి చినుకు పడింది. "పట్టాలు! కాయల మీద కప్పెటందుకు మిగిలిన పట్టాలు ఏడున్నయయ్యా?" అంటూ తలెత్తిన మనిషి రెక్క అడుగు చూసి నిలబడిపోయింది. పైన తెల్ల రంగు, కింద నీలి టార్పాలిన్. దాని మీద ఆమె స్వయంగా ఎర్ర దారంతో వేసిన మాసిక.

"నా పట్టాను ఎలుకలు కొరికినయన్నవ్!"

"తేలికగుంటయని..."

"నీ తేలిక సల్లగుండ! ఆ చెక్క పార పట్టు. కాయనంత రెక్కల కిందికి లాగు. సీతయ్యా, నేను చెప్పినంక కుప్ప మీదనే దించండి!"

ఐదేళ్లలో సుకుమార్ అంత వేగంగా ఏ పనీ చేయలేదు. మొగుడూ పెళ్లాం తుమ్ముతూ, తిట్టుకుంటూ కాయను రెండు బారు కుప్పలుగా పోగుచేశారు. విమానాన్ని వాటిమీద దించారు. చక్రాలు అడ్డు లేవు గనుక రెక్కలు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కుప్పలకు ఆనుకుని కూర్చున్నాయి. ఫ్యాను గాల్లోనే ఉండిపోయింది. వాన దంచి కొట్టింది. అందరూ ఖాళీ అయిన షెడ్డులోకి పరిగెత్తారు. ఇది ఇంత పెద్దదా అనుకుంది మహిమ.

వాన వెలిశాక మంగీలాల్ సార్ వచ్చాడు. మిరపకాయలు పొదుగుతున్న విమానాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"చక్రాలు లోపలికి పోతున్నయా?"

"పోయినయ్ సార్!"

"మళ్ల బయటికి?"

సుకుమార్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. ఐదేళ్ల ఆశ ఆ రెండు ముక్కల ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మహిమ రెక్క కిందికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయలు తీసి ఊపింది. గలగలమన్నాయి. ఒక్కటీ తడవలేదు. ఇటు చూస్తే సీతయ్య వాళ్లు ఎవరూ చెప్పకముందే మిర్చి పోయడానికి ఖాళీ గోనెలు షెడ్డులో పరుస్తున్నారు. ఆమె మొగుణ్ణి చూసి నవ్వింది. ఇన్నేళ్లకు మొదటిసారి.

"బయటికొద్దు సార్. అవి లోపలికి పోతెనే మూత సరిగ్గ కూసుంటది. మా ఆయన మంచిగ చేసిండు."

ఐదేళ్ల పనికి సుకుమార్ అందుకున్న ఏకైక ప్రశంస అదే, అదీ మూతకే.