గోడలో సీసా

ఆ ఉదయం ఇనోమ్‌జోన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. హాల్లో పెద్ద దీపాల గుత్తి వేలాడదీయించాలి, నేల కడిగించాలి, మధ్యాహ్నం హాలు యజమానురాలు ముకద్దస్ అక్క వచ్చి చూసుకుని సంతకం పెట్టగానే ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోవాలి. కొకాండ్‌లో పాత పత్తి గోదామును పెళ్ళిళ్ళ హాలుగా మార్చే కాంట్రాక్టు అతనిది. కప్పు మార్చాడు, కరెంటు తీగలూ నీళ్ళ పైపులూ కొత్తవి వేయించాడు, నేలంతా పాలరాయి పరిపించాడు. ఇక మిగిలింది సంతకమే. అది పడితే పక్క వీధిలో పాత మేడను హోటలుగా మార్చే పని కూడా అతనికే ఇస్తానని అక్క మాటిచ్చింది. పడకపోతే ఆ హోటలు ఆమె మరిదికి పోతుంది. ఆ మరిది అప్పుడే మేడ చుట్టూ టేపు పట్టుకుని తిరుగుతున్నాడని ఊళ్ళో వినికిడి.

ఒక్క పని మాత్రం ఇనోమ్‌జోన్ పథకంలో లేదు. ఆఖరి గోడకు గిలాబా పూత అయిపోయిన రోజున కాంట్రాక్టరు పనివాళ్ళందరికీ పలావు పెట్టాలి. అక్కడది ఎప్పటినుంచో ఉన్న మర్యాద. ఇనోమ్‌జోన్‌ను పిసినారి అనడం అన్యాయం. పెట్టనని ఎన్నడూ అనలేదు, రేపు పెడతానన్నాడు, అంతే. ఆ రేపు వచ్చేలోగా వాళ్ళకు రొట్టె పెట్టి, ఆకుపచ్చ టీ పోసి నెట్టుకొచ్చాడు. ఈలోగా ముకద్దస్ అక్క ఫోన్ చేసింది.

"పనివాళ్ళకి పలావు పెట్టావా తమ్ముడూ? వాళ్ళు ఆకలితో అప్పగించిన హాల్లో నేను పెళ్ళి చేయించను. ముందే చెప్తున్నా."

"పెట్టకుండా ఉంటానా అక్కా! వేళ్ళు నాక్కుంటూ తిన్నారు," అనేశాడు ఇనోమ్‌జోన్.

అబద్ధం అంత సులువుగా నోట్లోంచి జారినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

ఆ ఉదయం కొకాండ్ గాలి లేచింది. ఆ ఊరి గాలికి వేళాపాళా ఉండదు, ఒకసారి లేచిందంటే టోపీలు పట్టుకుని నడవాల్సిందే. ఇనోమ్‌జోన్ ఖాళీ హాలు నడుమ నిలబడి తన పనితనం చూసి మురిసిపోతుండగా వెనక గోడలోంచి ఒక మూలుగు వినిపించింది.

"ఊఁ... ఊఁఊఁ..."

ఆ గోడ నిన్నటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

వాళ్ళ నాన్న కూడా కాంట్రాక్టరే. చిన్నప్పుడు ఆయన చెప్పిన సంగతి ఒకటి ఇప్పుడు గుర్తొచ్చింది. పలావు పెట్టని వాడి భవనంలో మేస్త్రీ గోడ కడుతూ కడుతూ, ఇటుకల మధ్య ఒక ఖాళీ సీసాను మూతి బయటికి ఉండేలా పెట్టేస్తాడు. ఇక గాలి వీచినప్పుడల్లా ఆ ఇల్లు ఏడుస్తుంది. ఏడ్చే ఇల్లయితే ఎలాగో అమ్ముకోవచ్చు. కానీ పెళ్ళికూతురు అడుగుపెట్టగానే ఏడ్చే హాలును ఎవరు అద్దెకు తీసుకుంటారు?

వెనక గోడలో ఒక పాత ద్వారం ఉండేది. అక్క మూసేయమంటే, అందరూ ఉస్తా అని పిలిచే పెద్ద మేస్త్రీ అబ్దుమన్నోప్ చేత ఇటుకలు పెట్టి మూయించాడు. ఇనోమ్‌జోన్ మెల్లగా వెళ్ళి అక్కడ చెవి ఆనించాడు. మూలుగు అక్కడినుంచే వస్తోంది.

సీసా పెట్టావా అని మేస్త్రీని సూటిగా అడగొచ్చు. కానీ అలా అడిగితే పలావు బాకీ ఉన్నట్టు తానే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ మాట ఎలాగో అక్క చెవిన పడుతుంది. అందుకని దారి మార్చి అడిగాడు.

"ఉస్తా, ఇక్కడేదో చప్పుడొస్తోంది, విన్నావా?"

"నాకేం వినపళ్ళేదే," అన్నాడు అబ్దుమన్నోప్, అటు తిరక్కుండానే.

"ఊఁ అంటోంది."

"గాలి తమ్ముడూ. గాలి ఊఁ అనక మరేమంటుంది, సలాం అంటుందా?"

"సరే, వెనక పెరట్లోకెళ్ళి చూసొస్తా."

మేస్త్రీ ఒక్క ఉదుటున తలుపుకు అడ్డం వచ్చాడు. "అటెళ్ళకు! మెట్ల సిమెంటు పచ్చిగా ఉంది."

"మెట్లు పోయిన వారమే కట్టావుగా?"

"పగలగొట్టి మళ్ళీ కట్టా. నాకే నచ్చలేదు."

తన పని తనకే నచ్చక పగలగొట్టుకున్న మేస్త్రీని ఇనోమ్‌జోన్ అంతవరకూ చూడలేదు. అతని అనుమానానికి కాళ్ళొచ్చాయి. కాసేపటికి రెక్కలు కూడా వచ్చాయి. ఎందుకంటే అబ్దుమన్నోప్ ఒక మూకుడులో ఎండు ఇసిరిక్ ఆకు నిప్పుల మీద పోసి, హాలంతా దట్టంగా దిష్టి పొగ వేయడం మొదలెట్టాడు.

"ఇప్పుడీ పొగ దేనికి ఉస్తా?" దగ్గుతూ అడిగాడు ఇనోమ్‌జోన్.

"అప్పగింత రోజు కదా. ఎవరి కళ్ళు ఎలాంటివో!"

ఆ మాటంటూ మేస్త్రీ తన కళ్ళలోకే చూశాడని ఇనోమ్‌జోన్‌కు అనిపించింది. చేయాల్సిందంతా గోడలో చేసేసి పైన దిష్టి పొగ కూడా వేస్తున్నాడు, ఎంత గుండెరా వీడిది అని పళ్ళు నూరుకున్నాడు. మేస్త్రీ అవతలికి పోగానే సుత్తి పిడి తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, గోడను అంగుళం అంగుళం తట్టి వినసాగాడు.

సరిగ్గా అప్పుడే ముకద్దస్ అక్క చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. ముందే రావడం ఆమెకు అలవాటు, చెప్పిన వేళకు వస్తే జనం సర్దుకుని కూర్చుంటారని ఆమె నమ్మకం. గుమ్మంలోంచి చూస్తే పొగలో కాంట్రాక్టరు గోడకు చెవి ఆనించి తడుతున్నాడు. ఆమె అక్కడే ఆగిపోయింది.

ఆ గోదాము కట్టించిన పత్తి వ్యాపారి ఎప్పుడో ఊరొదిలి పారిపోతూ బంగారమంతా గోడల్లో దాచి పోయాడని కొకాండ్‌లో చంటిపిల్లలకు కూడా తెలుసు. ముకద్దస్ అక్క దాన్ని పుకారేనని అందరితో అనేది. గోదాము కొన్నప్పుడు మాత్రం ఇంకెవరినీ పోటీకి రానివ్వలేదు.

"ఏం వెతుకుతున్నావు తమ్ముడూ?"

ఇనోమ్‌జోన్ ఎగిరిపడ్డాడు. "ఏం లేదక్కా! గోడ బాగుందా లేదా అని చూస్తున్నా."

"చెవితోనా?"

ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు. ఈ ద్వారం మూసేటప్పుడు లోపల ఏమైనా ఉందా?"

సీసా సంగతి అక్కకు తెలిసిపోయింది అనుకున్నాడు ఇనోమ్‌జోన్. "నాకేం తెలీదక్కా, ఒట్టు! ఉంటే అది ఉస్తా పనే."

"అంటే ఉందన్నమాట!"

"ఉన్నా చిన్నదే అక్కా. నువ్వేం పట్టించుకోకు. సంతకం పెట్టేసి వెళ్ళు, జనమంతా పోయాక నేనొక్కణ్ణే వచ్చి తీసేస్తా. మూడో కంటికి తెలీనివ్వను."

"ఒక్కడివే వచ్చి తీసేస్తావా!" ముకద్దస్ అక్క కళ్ళు చింతనిప్పుల్లా అయ్యాయి. "ఎవరక్కడ? గేటుకి తాళం వేయండి! ఉస్తా, పెద్ద సుత్తి పట్రా!"

అబ్దుమన్నోప్ సుత్తి తెచ్చాడు గానీ చేతికివ్వలేదు. "ఏం కొడతావక్కా?"

"ఈ మూసిన ద్వారం."

మేస్త్రీ మొహం పాలిపోయింది. "అది మాత్రం వద్దక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా! కావాలంటే ఆ పక్క గోడ కొట్టుకో. నిన్ననే రంగేశాం, అయినా ఫరవాలేదు."

"వద్దక్కా!" అని ఇనోమ్‌జోన్ కూడా చేతులు జోడించాడు.

ఒకడు వద్దంటే ఆమె ఆగేదేమో. ఇద్దరూ కలిసి వద్దనేసరికి ఇక సందేహం మిగల్లేదు. కోటు విప్పి కాంట్రాక్టరు భుజాన పడేసి, మేస్త్రీ చేతిలో సుత్తి లాక్కుంది. వయసులో ఉన్నప్పుడు బజారులో బట్టల మూటలు స్వయంగా మోసిన మనిషి ఆమె. మొదటి దెబ్బకు గిలాబా రాలింది, రెండో దెబ్బకు ఇటుకలు కదిలాయి. మూడో దెబ్బకు నడుమ ఇటుకలన్నీ అవతలికి కూలాయి. అవతలినుంచి గావుకేకలు వినిపించాయి.

దుమ్ము తగ్గాక ముగ్గురూ కంతలోంచి చూశారు. పెరట్లో గాలి తగలకుండా గోడవారగా ఒక పొయ్యి కట్టి ఉంది. దానిమీద పెద్ద ఇనప బాణలి నిండా పలావు. పసుపుపచ్చ క్యారెట్లూ, వెల్లుల్లి గడ్డలూ, గొర్రె మాంసం ముక్కలూ, వాటన్నిటి మీదా కొత్తగా పడిన ఇటుక పొడి. చుట్టూ పనివాళ్ళు పళ్ళేలు పట్టుకుని కొయ్యబారి నిలబడ్డారు. పని ముగిశాక మిగిలిపోయిన పైపు ముక్కను పొగ పోవడానికి పొయ్యికి తగిలించి గోడకు ఆనించారు. గాలి దాని మూతి మీదుగా పోతూ నిదానంగా "ఊఁ" అంది.

"అందుకే వద్దన్నా," అన్నాడు అబ్దుమన్నోప్ నీరసంగా.

అక్క కంతలోకి వంగి చూస్తుండగా ఇనోమ్‌జోన్ అతన్ని పక్కకు లాగాడు. "ఇదేంటి ఉస్తా? ఎవరు పెట్టమన్నారు?"

"మొన్న అక్క నాకు ఫోన్ చేసి, ఇనోమ్ పెట్టిన పలావు ఎలా ఉందని అడిగింది. నిన్ను పట్టివ్వలేక బ్రహ్మాండంగా ఉందన్నా. తిననిదాన్ని తిన్నానన్నాక నిద్ర పడితేనా! అందుకని మేమే తలాకాస్త వేసుకుని వండాం. ఇప్పుడైనా అబద్ధం కాకుండా పోతుందని."

"మరి ఆ పొగ?"

"ఉల్లిపాయలు వేగే వాసన నీదాకా రాకూడదని. నువ్వు సిగ్గుపడతావని భయమేసింది."

ఇనోమ్‌జోన్ నిజంగానే సిగ్గుపడ్డాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. తనను కాపాడటానికి వీళ్ళు చాటుగా పలావు వండుతుంటే, తాను గోడలో వీళ్ళ మోసం వెతికాడు. ఆ క్షణాన గోడలో నిజంగా సీసా ఉన్నా అతనికి ఇంత బాధ ఉండేది కాదు.

ముకద్దస్ అక్క కంతలోంచి తల వెనక్కి తీసింది. "మళ్ళీ పలావా?"

"అవునక్కా," అన్నాడు అబ్దుమన్నోప్, కాంట్రాక్టరు వైపు చూడకుండా. "ఇనోమ్‌ది పెట్టే చేయి."

"రెండుసార్లు పెట్టినవాణ్ణి ఈ ఊళ్ళో ఇదే చూడటం." ఆమె మాట పలావు మీదే ఉంది గానీ, చెప్పు కొస మాత్రం కూలిన ఇటుకల్ని ఒక్కొక్కటే తిరగేస్తోంది. కింద ఏమీ మెరవలేదు.

"ఇంతకీ గోడ ఎందుకు కొట్టావక్కా?" అడిగాడు ఇనోమ్‌జోన్.

ఆమె చేతుల దుమ్ము దులుపుకుంది. "పెరట్లో వండింది హాల్లోకి అందించడానికి ఇక్కడో కిటికీ ఉండాలని నాకెప్పటినుంచో ఉంది. నువ్వు చెవెందుకు పెట్టావు?"

"గిలాబా ఆరితే చప్పుడు వేరుగా ఉంటుందక్కా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇక తవ్వుకోవడం ఎవరికీ మంచిది కాదని గ్రహించారు. మేస్త్రీ పైపు ఊడదీశాడు, గోడ ఏడుపు ఆపింది. ఇనోమ్‌జోన్ పైన దుమ్ము పడినంతవరకూ గరిటెతో తీయించి, మిగిలింది కంతలోంచి తానే పళ్ళేలలో వడ్డించాడు. అబ్దుమన్నోప్ పళ్ళెంలో మాంసం ముక్కలు మరీ ఎక్కువ పడ్డాయి. పంటి కింద అక్కడక్కడా ఇటుక పొడి కరకరలాడినా ఎవరూ ఆ మాటెత్తలేదు. అక్క కూడా తిని, జిడ్డు వేళ్ళతోనే కలం పట్టుకుని సంతకం పెట్టింది.

హోటలు పని ఇనోమ్‌జోన్‌కే వచ్చింది. ఆ మేడ పత్తి వ్యాపారి కాపురమున్న సొంత ఇల్లు. మొదటి ఇటుక కదపకముందే అతను గొర్రెను తెచ్చి పలావు వండించాడు. ముకద్దస్ అక్క వచ్చి తృప్తిగా తిని, చేతులు కడుక్కుని, నక్షా తెప్పించుకుని, ప్రతి గదిలో ప్రతి గోడకూ వంట అందించే కిటికీ ఒకటి గుర్తు పెట్టి వెళ్ళింది.