రాణిగారి ముక్కుకు గ్రేడు

బంగారాన్ని కనిపెట్టినవాడు గొప్పవాడే, కాదనలేం. కాని ఆ బంగారం బాగుందో లేదో తేల్చడానికి ఒక కార్యాలయం ఉండాలని కనిపెట్టినవాడు అంతకంటే గొప్పవాడు. మొదటివాడు ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు. రెండోవాడి ఫోటో ప్రాచీన నాణేల స్థితి నిర్ధారణ కార్యాలయంలో, గుమ్మానికి ఎదురుగా వేలాడుతుంటుంది. (ఫోటో కాస్త వంకరగా ఉంది. సరిచేసే అధికారం గోడల విభాగానిది.)

మా మేనత్తను వెంటబెట్టుకుని నేనక్కడికి వెళ్లడానికి కారణం ఆవిడ కళ్లు. రెండింటిలోనూ శుక్లాలు బాగా ముదిరాయి. ఇంకా ఆలస్యం చేస్తే ఉన్న మసక చూపు కూడా దక్కదని కంటి డాక్టరు తెగేసి చెప్పాడు. ఆపరేషన్‌కు ఆవిడ దగ్గరున్న ఆస్తల్లా వాళ్ల అమ్మమ్మ ఇచ్చిన పాత బంగారు నాణెం. ఒకవైపు ఓడ, ఇంకోవైపు కిరీటం పెట్టుకున్న రాణిగారు. దాన్ని చూడగానే నాణేల వ్యాపారి గుటకలు మింగాడు.

“గ్రేడు కాగితం తెండి, రెండు కళ్లకీ సరిపడా ఇస్తాను. కాగితం లేకపోతే మాత్రం తూకానికే,” అన్నాడు. తూకానికిస్తే ఒక్క కంటికి కూడా చాలదు.

గ్రేడుల సూత్రం చాలా సులువు. నాణెం ఎంత తక్కువగా నాణెంలా బతికితే అంత మంచిది. ఎవరూ ముట్టనిది ఉత్తమం. నాలుగు చేతులు మారినది మధ్యమం. ఎప్పుడైనా ఎవరికైనా అక్కరకొచ్చినది అధమం. (అక్కడి ఉద్యోగులకు ప్రమోషన్లు కూడా ఈ సూత్రం ప్రకారమే ఇస్తారని గిట్టనివాళ్లు అంటారు.)

మొదటి పరీక్షకుడు నాణేన్ని చేతిలోకి తీసుకుని, సొరుగులోంచి పళ్లపొడి, గుడ్డ తీసి శ్రద్ధగా తోమాడు. దీన్ని పూర్వశుద్ధి అంటారట. తర్వాత భూతద్దం పెట్టి చూసి మురిసిపోయాడు.

“అబ్బ! చెవిపోగు, ముక్కు, కనురెప్పలతో సహా కనిపిస్తున్నాయమ్మా. ఉత్తమం!”

“హమ్మయ్య! ఇక వెళ్లొచ్చా బాబూ?” అంది అత్తయ్య.

“రెండో అభిప్రాయం లేకుండా మొదటి అభిప్రాయం చెల్లదమ్మా.”

రెండో పరీక్షకుడి బల్ల దగ్గర మరో నిబంధన ఉంది. నాణెం మీద మొదటివాడి వేలిముద్రలు ఉంటే రెండోవాడి మనసు అటు మొగ్గే ప్రమాదం ఉంది కాబట్టి, వాటిని పోగొట్టేదాకా తోమాలి. ఆయన తోమి, చూసి, పెదవి విరిచాడు.

“కనురెప్పలన్నారా? నాకైతే ఒక్కటీ కనబడటం లేదే!”

అభిప్రాయాలు రెండూ కలవలేదు కాబట్టి మూడో ఆయన దగ్గరికి పంపారు. ఆయన పనిమంతుడు. చొక్కా చేతులు మడిచి మరీ దిగాడు. చెవిపోగు పోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“తోమడం ఆపండి సార్, అరిగిపోతోంది!”

ఆయన నావైపు జాలిగా చూశాడు. “తోమకుండా చూస్తే అరిగిందో లేదో ఎలా తెలుస్తుందండీ?”

చివరికి పర్యవేక్షకురాలు అందరికంటే పైస్థాయిలో, అంటే అందరికంటే గట్టిగా తోమి, తుది నిర్ణయం ప్రకటించింది. “అధమం. ముక్కు లేదు. పైగా తోమిన నాణెం. అది క్షమించరాని దోషం.”

“నేనేనాడూ తోమలేదమ్మా. మెత్తటి గుడ్డలో చుట్టి దాచుకున్నాను,” అంది అత్తయ్య.

“మీరు తోమారని ఎవరన్నారండీ? తోమింది మేమే. కాని నాణెం మీదే కదా.”

నాకు ఒళ్లు మండిపోయింది. బల్ల మీద గుద్దాను. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా అప్పీలు చేసుకునే హక్కు మాకుందని, చేసుకుంటే మళ్లీ మొదటి బల్ల నుంచి తోముకుంటూ వస్తారని చెప్పింది.

అత్తయ్య నాణేన్ని అందుకుని బొటనవేలితో తడిమింది. “ఒరేయ్, ఇది మనదేనా? రాణిగారి మొహమేదిరా?”

“మనదే అత్తయ్యా.”

“అప్పీలొద్దులేరా. పాపం, ఆవిణ్ణి ఇంక రాపాడించొద్దు.”

నిబంధనల ప్రకారం నాణేన్ని గాజులా మెరిసే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేశారు. పెట్టె తెరవడం నేరం. అధమం కాబట్టి వ్యాపారి గ్రేడు ధర ఇవ్వనన్నాడు. తెరవడం నేరం కాబట్టి కరిగించడానికి తూకానికీ కొననన్నాడు. ఆసుపత్రివాళ్లు అత్తయ్య ఆపరేషన్ తేదీని ఇంకెవరికో ఇచ్చేశారు.

పెట్టె మూత మీద యజమానికి ఒక సూచన అచ్చువేసి ఉంది: “ఈ నాణేన్ని ఇకపై ఎవరూ తాకరాదు. కళ్లారా చూసి ఆనందించగలరు.”

అత్తయ్యకు నేనే చదివి వినిపించాను.